కర్నూలును సైకిల్ మీద చూడాలనుకునే కొత్తవారికి: సన్నాహం, దారి, జాగ్రత్తలు

మంత్రాలయం, అలంపూర్ దర్శనాలకో, పెళ్ళికో, ఆఫీసు పని మీదో కర్నూలు వచ్చి ఒకటి రెండు రోజులు ఉండేవారు, ఊరిని సైకిల్ మీద చూడటం సాధ్యమేనా అని తరచూ అడుగుతున్నారు. సాధ్యమే. పాత ఊరు, తుంగభద్ర ఒడ్డు, హంద్రీ నది, కె.సి. (కర్నూలు-కడప) కాలువ అన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ఊరు చాలావరకు చదునుగా ఉంటుంది. అయితే ఇక్కడ సైకిళ్ళకు వేరే బాటలు ఉంటాయని ఆశించి రావద్దు. బయలుదేరే వేళను, చూసే వరుసను సరిగ్గా ఎంచుకుంటే గేర్లు లేని మామూలు సైకిల్ సరిపోతుంది. అవి తప్పితే ఎంత ఖరీదైన సైకిల్ ఉన్నా తొమ్మిదిన్నరకల్లా అలసిపోయి లాడ్జికి తిరిగి రావలసి వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో వేళకు, వరుసకు, దారిలో వచ్చే చిక్కులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

1. నెలను, వేళను నిర్ణయించుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు సైకిల్‌కు అన్నివిధాలా అనువైన కాలం. డిసెంబరులో సూర్యోదయం సుమారు 6.35కు అవుతుంది కాబట్టి ఆరుంబావుకు బయలుదేరితే చాలు, పది గంటల వరకు హాయిగా తిరగవచ్చు.

మార్చి నుంచి ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు విషయం. సూర్యోదయం ఏప్రిల్‌లో ఆరు గంటల ప్రాంతంలో, మేలో 5.45 ప్రాంతంలో అవుతుంది. ఐదున్నరకు పెడల్ మీద కాలు పెట్టి, ఎనిమిదిన్నరకు గదికి చేరుకోవాలి. సాయంత్రం రోడ్లు, గోడలు వేడిని కక్కుతూనే ఉంటాయి కనుక వేసవిలో సాయంత్రపు సవారీని నేను సూచించను.

జూన్ నుంచి ఆగస్టు వరకు ఎండ కొంత తగ్గినా పడమటి గాలి బలంగా వీస్తుంది. తూర్పుకు వెళ్ళేటప్పుడు ఆ గాలి వెనుక నుంచి తోస్తుంది, దాంతో మన సత్తువ పెరిగిందని భ్రమపడి దూరం వెళ్ళిపోతాం. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై ప్రాణం తీస్తుంది. ఆ కాలంలో ముందు పడమరకు వెళ్ళి, గాలివాటున తిరిగి వచ్చేలా దారి వేసుకోవాలి.

వినాయక నిమజ్జనం రోజున మాత్రం సైకిల్ తీయవద్దు. కె.సి. కాలువ మీది వినాయక ఘాట్‌కు వెళ్ళే దారులన్నీ ఊరేగింపులతో నిండిపోతాయి.

2. సైకిల్ సంపాదించుకోవడం

మూడు మార్గాలున్నాయి. మొదటిది, సొంత సైకిల్‌ను రైల్లో తెచ్చుకోవడం. మడిచే సైకిల్ అయితే సంచిలో పెట్టి తెచ్చుకోవచ్చు. మామూలు సైకిల్‌ను బయలుదేరే స్టేషన్‌లోని పార్శిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేయాలి. ఆ రైలుకు లగేజీ వ్యాన్ ఉందా, కర్నూలు సిటీ స్టేషన్‌లో సామాను దించడానికి తగినంత సేపు ఆగుతుందా అన్న రెండు ప్రశ్నలూ ముందే అడగాలి. పెడళ్ళు విప్పి, హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు సమంగా తిప్పి, గొనెపట్టాతో చుట్టి, పేరు, ఫోన్ నంబరు, చేరే స్టేషన్ రాసిన చీటీని రెండు చోట్ల కట్టాలి.

రెండోది అద్దె. ఒకప్పుడు ప్రతి వీధి మలుపులోనూ కనిపించిన గంటల లెక్క సైకిల్ షాపులు ఇప్పుడు చాలా తగ్గిపోయాయి. అయినా సైకిల్ రిపేరు చేసేవారిని మర్యాదగా అడిగి, గుర్తింపు కార్డు నకలు, కొంత అడ్వాన్సు ఇస్తామంటే చాలామంది ఏదో ఒక బండి ఇస్తారు. ముందు రోజు సాయంత్రమే మాట్లాడి పెట్టుకోవాలి, ఎందుకంటే తెల్లవారుజామున ఏ షాపూ తెరిచి ఉండదు.

మూడోది, ఊళ్ళో చుట్టాలో స్నేహితులో ఉంటే వాళ్ళ ఇంట్లో మూలన పడి ఉన్న సైకిల్. ఇది సులువుగా దొరుకుతుంది గానీ, దానికే ఎక్కువ పరీక్ష అవసరం.

3. ఎక్కే ముందు చేయవలసిన పరీక్ష

ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. సైకిల్ ఇచ్చేవారి ముందే చేయండి, వాళ్ళేమీ అనుకోరు.

- సీటు: మడమను కింది పెడల్ మీద ఆనిస్తే కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి. మోకాలు బాగా వంగితే సీటు ఎత్తించాలి. కొత్తవారి మోకాళ్ళ నొప్పులకు ఎక్కువగా ఇదే కారణం.
- బ్రేకులు: ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు తోయండి, వెనుక చక్రం కొద్దిగా లేవాలి. వెనుక బ్రేకు పట్టి తోస్తే చక్రం ఈడ్చుకుపోవాలి. పట్టిన బ్రేకు హ్యాండిల్‌కు తగులుతోందంటే తీగ బిగించాలి.
- చక్రాలు: ఎత్తి తిప్పితే రిమ్ము బ్రేకు రబ్బర్లకు రాసుకోకూడదు. పుల్లలను (స్పోకులను) వేళ్ళతో జంటగా నొక్కి చూడండి. వదులుగా ఉన్నది తెలిసిపోతుంది.
- గాలి: టైరు పక్కన అచ్చు వేసిన కొలతను చూసి ఆ మేరకు కొట్టించాలి. పెట్రోలు బంకులో గాలి ఒక్కసారిగా దూసుకొస్తుంది, సన్నటి సైకిల్ ట్యూబు పగిలే ప్రమాదముంది. చేతి పంపుతో కొట్టుకోవడమే మంచిది.
- చైను: తుప్పు పట్టి ఉంటే రెండు చుక్కల నూనె వేసి, మిగిలినది గుడ్డతో తుడవాలి.
- బెల్లు, తాళం, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు: మూడూ ఉండాలి. బెల్లు లేని సైకిల్‌తో పాత ఊరి సందుల్లోకి వెళ్ళవద్దు.

4. వెంట ఉండవలసినవి

- మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు; ఊరు దాటితే మూడు.
- ఒక స్పేర్ ట్యూబు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, రెండు టైరు లివర్లు, చిన్న పంపు.
- పాత సైకిల్ అయితే గాలి వాల్వ్‌కు తొడిగే వాల్వ్‌ట్యూబు రెండు అంగుళాలు. నాలుగు డబ్బులు చేయని ఈ రబ్బరు ముక్క లేక దిగబడిపోయినవారు చాలామంది.
- హెల్మెట్. సైకిల్‌కు చట్టం అడగదు, అయినా పెట్టుకోండి.
- పొడవు చేతుల నూలు చొక్కా, తలకు, మెడకు తడిపి చుట్టుకోవడానికి పలచటి తువ్వాలు.
- ఒక జత మేజోళ్ళు. వీటి సంగతి అలంపూర్ దగ్గర చెబుతాను.
- చిల్లర నోట్లు. తెల్లవారుజామున టీ బండి దగ్గర ఫోన్‌తో డబ్బు కట్టే వీలు అన్నివేళలా ఉండదు.

5. మొదటి ఉదయం: ఊరి చుట్టు

ఈ చుట్టు మొత్తం పన్నెండు, పదిహేను కిలోమీటర్ల లోపే ఉంటుంది. వరుసను మార్చవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. పాత ఊరి బజార్లు మేలుకోక ముందే అక్కడ పని ముగించుకోవాలి, ఏటి ఒడ్డును ఎండ వాలుగా ఉన్నప్పుడే చూడాలి, నీడ ఉండే కాలనీ దారులను చివరకు ఉంచుకోవాలి.

మొదటి అంచె కొండారెడ్డి బురుజు. బస చేసిన చోటి నుంచి నేరుగా పాత ఊరికి వచ్చేయండి. ఆ వేళకు లోపలికి వెళ్ళనివ్వకపోవచ్చు, అయినా ముందుగా ఇక్కడికే రావాలి. బురుజు చుట్టూ సైకిల్ మీద ఒకసారి మెల్లగా తిరిగితే రాతి కట్టడం అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది. ఎనిమిది దాటితే ఆటోలు, తోపుడు బండ్ల మధ్య అలా తిరగడం కుదరదు. పైకి ఎక్కాలనుకుంటే సాయంత్రం నడిచి రండి.

రెండో అంచె తుంగభద్ర. పాత ఊరి సందుల్లో నుంచి ఏటి వైపుకు దారి అడుగుతూ వెళ్ళండి. ‘సంకల్‌బాగ్ ఘాట్ ఎటువైపన్నా?’ అంటే ఎవరైనా చెబుతారు. 2020 పుష్కరాలకు సిద్ధం చేసిన ఘాట్లలో అదొకటి. ఏటి ఒడ్డునే సాయిబాబా గుడి కూడా ఉంది. మెట్ల పైనే సైకిల్‌కు తాళం వేసి కిందికి నడవాలి. ఘాట్ మెట్ల మీద నుంచి సైకిల్ దించే సాహసం చేయవద్దు, నాచు పట్టిన రాయి మీద టైరు నిలవదు.

మూడో అంచె పలహారం. ఏడున్నర ప్రాంతంలో ఉగ్గాని వేడిగా దొరుకుతుంది. నానబెట్టి పిండిన బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, పప్పుల పొడి వేసి కలిపే ఉగ్గాని, పొట్టకు బరువు కాకుండా త్వరగా సత్తువనిస్తుంది. పక్కన పెట్టే మిరపకాయ బజ్జీలను మాత్రం తిరుగుడు అయ్యాక తినండి. ఎండలో పెడల్ తొక్కేటప్పుడు అవి దాహాన్ని రెట్టింపు చేస్తాయి.

నాలుగో అంచె హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్, అంటే ఒకప్పుడు కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ సమాధి. ఇది సమాధి కాబట్టి సైకిల్‌ను ఆవరణ బయటే నిలిపి, చెప్పులు విడిచి, గొంతు తగ్గించి చూడాలి.

ఐదో అంచె కె.సి. కాలువ. సుంకేసుల దగ్గర మొదలైన ఈ కాలువ కర్నూలులో హంద్రీ నదిని అక్విడెక్ట్ మీదుగా దాటుతుంది. కింద నది, దాని మీద కాలువ. ఇంజనీరింగ్ మీద ఆసక్తి ఉన్నవారు అరగంట ఇక్కడే గడపవచ్చు. కాలువ గట్టు అన్నిచోట్లా సైకిల్‌కు పనికిరాదు. గట్టు సన్నబడిన చోట దిగి, మీరు నీటికి దూరంగా ఉండే పక్కన ఉంటూ సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్ళండి.

చివరి అంచె సి.క్యాంప్. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఏర్పడిన ఉద్యోగుల నివాస క్యాంపుల్లో ఇదొకటి. ఇక్కడి వీధులు పాత ఊరి సందుల కన్నా విశాలంగా ఉంటాయి కనుక రద్దీ మొదలైన తర్వాత కూడా ఇబ్బంది ఉండదు. రైతుబజారులో పళ్ళు కొనుక్కుని గదికి చేరుకోవచ్చు.

6. రద్దీలో నడిపే పద్ధతి

రాజ్‌విహార్ సెంటర్, బళ్ళారి చౌరస్తా, నంద్యాల చెక్‌పోస్ట్. ఈ మూడింటినీ ఎనిమిదిన్నర తర్వాత సైకిల్ మీద దాటవద్దు. దిగి, పాదచారిగా దాటండి. దీనికి పట్టేది రెండు నిమిషాలే.

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు రోడ్డు అంచుకు అతుక్కుని వెళ్ళడం. అంచున ఇసుక, గాజు పెంకులు, మురుగు మూతలు ఉంటాయి. వెనుక నుంచి వచ్చే షేర్ ఆటో ఎక్కే మనిషిని చూసి ఎడమకు కోసేసి ఆగిపోతుంది. అంచు నుంచి ఒక చేతి దూరం లోపలికి, తిన్నగా, ఊగకుండా నడపాలి. ఆగి ఉన్న ఆటోను దాటేటప్పుడు ముందు కుడి చెయ్యి చాపి, వెనక్కి చూసి, ఆ తర్వాతే పక్కకు జరగాలి.

తెల్లవారుజామున వీధికుక్కలు వెంటపడితే వేగం పెంచవద్దు. దిగి, సైకిల్‌ను కుక్కకూ మనకూ మధ్య ఉంచి, నడుస్తూ ఆ వీధి దాటితే అవే ఆగిపోతాయి.

7. పల్లేరుకాయ, పంక్చరు

ఈ ప్రాంతంలో సైకిల్‌కు అసలైన శత్రువు పల్లేరుకాయ. వానలు పడ్డాక నేల మీద పాకే ఈ మొక్కకు చిన్న పసుపు పువ్వులు పూస్తాయి. కాయ ఎండిన తర్వాత ముక్కలై, ప్రతి ముక్కా ఒక ముల్లు పైకి చూసేలా నేల మీద పడి ఉంటుంది. రోడ్డు దిగి మట్టిలో పది అడుగులు వేస్తే చాలు, టైరుకు నాలుగైదు గుచ్చుకుంటాయి. దీనికి తోడు కాలువ గట్ల మీద, ఊరి చివర కంపచెట్ల ముళ్ళు. అందువల్ల ఫొటో కోసమో, నీడ కోసమో రోడ్డు దిగవలసి వస్తే సైకిల్‌ను ఎత్తి పట్టుకుని దిగండి.

ఆగిన ప్రతిచోటా రెండు టైర్లను నెమ్మదిగా తిప్పి చూడాలి. ముల్లు కనిపించి, గాలి ఇంకా ఉంటే దాన్ని అప్పుడే పీకవద్దు. ముల్లే కొంతవరకు బిరడాలా పనిచేస్తుంది. పంక్చరు షాపు కిలోమీటరు దూరంలో ఉంటే అక్కడిదాకా అలాగే వెళ్ళవచ్చు.

షాపు లేని చోట మీరే వేసుకోవలసి వస్తే ఈ వరుసలో చేయండి.

1. చక్రం విప్పకుండానే టైరు ఒక పక్కను లివర్లతో రిమ్ము నుంచి పైకి లాగి, ట్యూబును బయటికి తీయండి.
2. గాలి కొట్టి, ట్యూబును పెదవికి దగ్గరగా పెట్టుకుంటూ తిప్పండి. సన్నటి గాలి తగిలే చోట పెన్నుతో గుర్తు పెట్టండి. ఒకటి దొరికిందని ఆగవద్దు, పల్లేరుకాయ అయితే రెండోది ఉండే అవకాశం ఎక్కువ.
3. టైరు లోపలి భాగాన్ని ఒట్టి వేలితో తడమవద్దు. గుడ్డను లోపల తిప్పితే ముల్లు ఎక్కడుందో అక్కడ చిక్కుకుంటుంది. ముల్లు తీసేదాకా ప్యాచీ వేసినా ఫలితం లేదు.
4. గుర్తు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్‌ను ప్యాచీ కన్నా కొంచెం వెడల్పుగా, పలచగా పూయండి.
5. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. సొల్యూషన్ మెరుపు పోయి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే ప్యాచీ అంటించాలి. తడిగా ఉండగానే వేసిన ప్యాచీ రెండు కిలోమీటర్లకు ఊడిపోతుంది. తొందరపడేవారందరూ ఇక్కడే దెబ్బ తింటారు.
6. గట్టిగా నొక్కి, ట్యూబుకు కొద్దిగా గాలి పట్టించి లోపల పెట్టి, టైరును చేతులతోనే ఎక్కించండి. లివరుతో ఎక్కిస్తే ట్యూబు నలిగి కొత్త చిల్లు పడుతుంది.

చిల్లు ఎక్కడ పడిందో చూస్తే కారణం తెలుస్తుంది. బయటి వైపు ఒక్క సన్నటి చిల్లు అంటే ముల్లు. పక్కపక్కన రెండు గీతల్లాంటి చిల్లులు అంటే గాలి తక్కువై, గుంతలో పడినప్పుడు రిమ్ము నొక్కేసింది. రిమ్ము వైపు చిల్లు అంటే పుల్ల మొన గుచ్చుకుంటోంది, రిమ్ము పట్టీ మార్చాలి.

8. నల్లరేగడి, నాపరాయి

వాన పడిన రోజున మట్టి దారి ఎక్కవద్దు. నల్లరేగడి తడిస్తే బంకలా టైరుకు చుట్టుకుని, బ్రేకు రబ్బర్లకూ ఫోర్కుకూ మధ్య ముద్దలు కట్టి, ఇరవై అడుగుల్లో చక్రం తిరగకుండా చేస్తుంది. ఇరుక్కుపోతే బలంగా తొక్కవద్దు, చైను తెగుతుంది. సైకిల్‌ను ఎత్తుకుని గట్టి నేల మీదికి వచ్చి, పుల్లతో మట్టి గోకేయాలి. తర్వాత నీళ్ళతో కడిగి చైనుకు నూనె వేయాలి.

నాపరాళ్ళు పరిచిన సందులు, గుళ్ళ ముంగిళ్ళు తడిగా ఉంటే అద్దంలా జారతాయి. అక్కడ మలుపు తిరుగుతూ బ్రేకు పట్టకూడదు.

9. రెండో రోజు: ఊరి బయటికి

కొద్దిపాటి దూరం చాలనుకునేవారికి నందికొట్కూరు దారిలో గార్గేయపురం చెరువు, నగరవనం ఉన్నాయి. వెళ్ళడానికి పది, పన్నెండు కిలోమీటర్లు. ఎత్తు ఎక్కే ఓపిక ఉంటే జగన్నాథగట్టు. శ్రీశైలం జలాశయంలో మునగకుండా సంగమేశ్వరం నుంచి తరలించి నిలిపిన రూపాల సంగమేశ్వరాలయం అక్కడే ఉంది. గేర్లు లేని సైకిల్‌తో ఆ గట్టును నడిచే ఎక్కండి, దిగేటప్పుడు రెండు బ్రేకులనూ మార్చి మార్చి పట్టండి. ఓర్వకల్లు రాక్ గార్డెన్ అందంగా ఉంటుంది గానీ, నంద్యాల హైవే మీద లారీల మధ్య అంత దూరం కొత్తవారికి తగదు. దానికి బస్సులో వెళ్ళండి.

అలంపూర్ రానూపోనూ యాభై కిలోమీటర్ల పైచిలుకు. రోజూ సైకిల్ తొక్కే అలవాటున్నవారికే ఇది. తుంగభద్ర వంతెన దాటి 44వ జాతీయ రహదారి మీద అలంపూర్ చౌరస్తా దాకా వెళ్ళి, అక్కడ కుడికి తిరగాలి. రహదారి మీద తెల్లగీతకు ఎడమ పక్కనే ఉండాలి. సర్వీసు రోడ్డు ఉన్న చోట దానిలోకి దిగాలి. దగ్గరి దారి అని ఎదురు దిశలో ఒక్క ఫర్లాంగు కూడా వెళ్ళకూడదు. చౌరస్తా నుంచి లోపలికి తిరిగాక మాత్రం ఊపిరి పీల్చుకుంటారు.

ఐదున్నరకు బయలుదేరితే ఎనిమిదికి చేరుకుంటారు. జోగులాంబ దర్శనం, బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు తాపీగా చూసేసరికి పదిన్నర దాటుతుంది, అప్పటికి రాతి పరుపు కాలిపోతూ ఉంటుంది. మేజోళ్ళు పెట్టుకోమన్నది అందుకే. గుడి బయట చెప్పులు విడిచాక కాళ్ళకు అవే రక్ష. పాపనాశి ఆలయాలు కూడా చూడాలంటే ముందు అక్కడికే వెళ్ళి, తర్వాత ప్రధాన ఆలయాలకు రావడం మేలు. చలికాలం కాకపోతే మధ్యాహ్నం అక్కడే నీడన గడిపి, నాలుగు తర్వాత తిరిగి బయలుదేరండి. డిసెంబరులో ఆరు లోపే చీకటి పడుతుంది. ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు లేకుండా రహదారి ఎక్కవద్దు.

10. ఎండదెబ్బ తగిలితే

తలనొప్పి, వికారం, కాళ్ళు పట్టేయడం మొదటి గుర్తులు. వెంటనే ఆగి, నీడలో కూర్చుని, తువ్వాలు తడిపి మెడ మీద వేసుకోవాలి. ఓ.ఆర్.ఎస్. లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ కూడా మంచిదే. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా ఒంటిని తడుపుతూ ఉండాలి. తెలివి సరిగా లేనివారికి నోట్లో నీళ్ళు పోయవద్దు.

11. సైకిల్ అప్పగించేటప్పుడు

- టైర్లలో మిగిలిన ముళ్ళను తీసి, మట్టి తుడవండి.
- ప్యాచీ వేసి ఉంటే ఏ చక్రానికో చెప్పండి. ట్యూబు మార్చి ఉంటే పాతది కూడా ఇచ్చేయండి, షాపువాళ్ళకు అది పనికొస్తుంది.
- సీటు ఎత్తు మార్చి ఉంటే మళ్ళీ దించి ఇవ్వండి.
- తాళం చెవి, గుర్తింపు కార్డు నకలు, అడ్వాన్సు లెక్క చూసుకోండి.
- రైల్లో తిరిగి పంపేవారు బయలుదేరే రోజు ఉదయమే పార్శిల్ ఆఫీసుకు వెళ్ళాలి. చివరి గంటలో వెళ్తే సైకిల్ తర్వాతి రైలుకు మిగిలిపోయే అవకాశం ఉంది.